ట్రెవర్ మాట తప్ప వినని రెండో గేరు

రండి, రండి. కుర్చీలు కాస్త దగ్గరికి లాక్కోండి. ఆ చివర గిన్నెలు తోముతున్న అమ్మా, ఆ చప్పుడు కాసేపు ఆపు తల్లీ, గిన్నెలు ఎక్కడికీ పారిపోవు. కుక్కని పట్టుకున్న పెద్దాయనా, దాన్ని కూడా కూర్చోబెట్టండి. ఇక ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. "అదెలా కుదురుతుంది?" అని అడగాలనిపిస్తే నాలిక కరుచుకోండి. కుదిరింది. నేను చెప్తున్నాను కదా.

ఫ్రాన్సుకి సముద్రం అవతల, స్వాన్సీ అనే ఊళ్ళో ట్రెవర్ ప్రైస్ అని ఒకాయన ఉన్నాడు. డెబ్బై నిండడానికి ఇంకా పది రోజులు. ఆయన భార్య గ్లెనిస్. వాళ్ళకో బండి ఉంది. వెనక మంచం, పొయ్యి, బారెడు వంటగట్టు. ముందు డ్రైవరు సీటు. రెంటికీ మధ్య ఒక పూల కర్టెను. ఇరవై ఏళ్ళ కిందట ఫ్రాన్సులోనే ఒక పాలరైతు దగ్గర కొన్నారు కాబట్టి స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత నన్ను పీక్కుతినొద్దు.

ఆ బండికి రెండో గేరు ఒక జబ్బు. రెండు వేళ్ళతో కాస్త పైకి లేపి, పసిపిల్లని జోకొట్టినట్టు ఎడమకి తట్టి, అప్పుడు లాగాలి. "అది నా మాట తప్ప ఎవరి మాటా వినదు" అని ట్రెవర్ ఇరవై ఏళ్ళుగా చెప్తూ వచ్చాడు. అందుకని ఊళ్ళో చిన్నకారు తనే నడుపుకునే గ్లెనిస్, ఈ బండిలో మాత్రం ఒక్కసారి కూడా ఆ సీట్లో కూర్చోలేదు. ఆమెది పక్కసీటు, ఒళ్ళో మ్యాపు. రాత్రికి బళ్ళు నిలుపుకునే క్యాంపింగుకి చేరాక దిగి, బండి వెనక నిలబడి చేతులు ఊపేది. రా, రా, ఇంకొంచెం రా, ఆగు, ఆగమన్నానా!

ఆ ఏడాది చలికాలమంతా స్పెయిన్లో గడిపి ఇంటికి బయలుదేరారు. అందరూ మూడు రోజుల్లో దాటే ఫ్రాన్సుని ట్రెవర్ ముప్పై ఒక్క రోజులుగా దాటుతూనే ఉన్నాడు. రోజుకి ముప్పై మైళ్ళు. ఒక ఏరు కనబడితే ఆపడం, ఒక చర్చి గంట వినబడితే ఆపడం. లిమోజ్ అనే ఊరి దగ్గర ఎడమ పక్క నుంచి ఒక నత్త దాటిపోతూ వీళ్ళని జాలిగా చూసిందంటారు. అది అబద్ధం. నత్త కుడి పక్క నుంచి దాటింది.

"ఏమయ్యా, ఇంటికెళ్ళే ఉద్దేశం ఉందా లేదా?" అని గ్లెనిస్ రోజూ అడిగేది.

"తొందరేముంది గ్లెన్? చెట్లు చూడు ఎంత బాగున్నాయో."

చెట్లు బాగున్నాయో లేదో ఆయనకి తెలీదు. ఆయనకి చెట్లు పచ్చటి మబ్బుల్లా కనబడుతున్నాయి. అదీ అసలు సంగతి. కిందటి శరదృతువులో కళ్ళ డాక్టరు చెప్పేశాడు. పట్టపగలు నిదానంగా అయితే పుట్టినరోజు దాకా నడుపుకో, ఆ తర్వాత ముట్టుకోకు అని. వాళ్ళ దేశంలో డెబ్బై వచ్చేసరికి "నా కళ్ళు బాగున్నాయి" అని ఒక కాగితం మీద తనంతట తనే రాసి సంతకం పెట్టాలి. అప్పుడే లైసెన్సు మళ్ళీ ఇస్తారు. ఎవరూ వచ్చి చూడరు. ఒక్క టిక్కు పెడితే సరిపోయేది. ట్రెవర్ పెన్ను పట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. చెయ్యి కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం రాయని చెయ్యి అది.

రాయలేక ఏం చేశాడు? లేచి పక్కింటి హ్యూ దగ్గరికి వెళ్ళి, "మేం తిరిగొచ్చిన ఆదివారం బండి నువ్వు తీసుకో" అని చెయ్యి కలిపి వచ్చేశాడు. భార్యకి చెప్పలేదు. గ్లెనిస్‌కి ఆ బండి అంటే ప్రాణం. ఆ మంచం మీద కుట్టిన దుప్పటి ఆమెది, ఆ పూల కర్టెను ఆమెది. చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఆమె "ఏంటి?" అనేది, ఈయన "టీ పెట్టనా?" అనేవాడు. ముప్పై ఒక్క రోజుల్లో ఆమె తాగిన టీకి ఒక చెరువు నిండేది.

చివరికి సోమ్ నది ఒడ్డున ఒక చిన్న క్యాంపింగుకి చేరారు. అక్కడి నుంచి ఎంత మెల్లగా పాకినా ఎల్లుండికి కలే అనే రేవు, ఓడ, ఇల్లు, గేటు దగ్గర హ్యూ. ఇక చెప్పక తప్పదు. ట్రెవర్ ఒక ఉపాయం ఆలోచించాడు. తర్వాతి క్యాంపింగులో నీడున్న చోటు దొరకాలని పొద్దున్నే బయలుదేరడం ఆయన అలవాటు. గ్లెనిస్ కర్టెను వెనక పడుకునే ఉంటుంది. మొహం చూస్తూ చెప్పలేను, రోడ్డు చూస్తూ చెప్తాను అనుకున్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళకి ఎదురు వరుసలో ఒక ఫ్రెంచి జంట దిగింది. ఫెర్నాన్, ఆయన భార్య ఒదెట్. వాళ్ళ బండి కూడా అదే రకం, అదే వయసు, అదే మాసిన తెలుపు. పక్కపక్కన పెడితే బండ్లే ఒకదాన్నొకటి చూసి అద్దం అనుకుంటాయి. ఒదెట్ తన బండి వెనకున్న నిచ్చెనకి ఒక లావుపాటి తాడు కట్టి, రెండో కొస చెట్టుకి ముడేసి, వారం బట్టలన్నీ ఉతికి ఆరేసింది.

తెల్లవారింది. ఇక పొగమంచు చెప్పాలి. ఎలాంటి పొగమంచు అంటే, కత్తితో కోసి రొట్టె మీద రాసుకోవచ్చు. ట్రెవర్ స్నానాల గదికి వెళ్ళి, తువ్వాలు మెడలో వేసుకుని, ఊదారంగు డ్రెస్సింగు గౌనులో తిరిగొచ్చాడు. ఎడమకి తిరగాల్సిన వాడు కుడికి తిరిగాడు. తెల్లటి బండి కనబడింది. ఎక్కాడు. తాళంచెవి దాని చోట్లోనే వేలాడుతోంది, ఈయనా అలాగే వదిలేస్తాడు, పోతుందని భయం. కర్టెను వెనక గురక వినబడింది. అద్దం దగ్గర ఎప్పుడూ వేలాడే చెక్కగరిటె, వాళ్ళ ఊళ్ళో ప్రేమ గుర్తుగా ఇచ్చుకునేది, దాని కోసం చెయ్యి చాచాడు, అలవాటుగా. చేతికి వెల్లుల్లి దండ తగిలింది.

'గ్లెన్ వెల్లుల్లి ఎప్పుడు కట్టిందబ్బా?' అనుకుని బండి తీశాడు.

రెండో గేరు వెన్నలా పడింది. అక్కడైనా అనుమానం రావాలి కదా? రాలేదు. 'ఇవాళ దీని మూడ్ బాగుంది' అనుకున్నాడు.

వెనక, క్యాంపింగు వాళ్ళు బండికిచ్చిన కరెంటు తీగ టప్పున ఊడింది. చెట్టు దగ్గర ముడి ఊడింది. తాడు, తాడుతో పాటు వారం బట్టలూ బండి వెనకే ఊరేగింపుగా బయలుదేరాయి. ఫెర్నాన్ డ్రాయర్లు ఆరు జతలు, దుప్పట్లు రెండు, దిండుగలీబులు, ఒదెట్ పెళ్ళినాటి బల్లగుడ్డ ఒకటి. మొదటి ఊళ్ళో రొట్టెలమ్మే ఆవిడ తలుపు తీసి, మంచులోంచి కాళ్ళు చాపుకుని ఎగిరొస్తున్న డ్రాయరు ఒకటి చూసి, మళ్ళీ తలుపేసుకుంది. మూడు రోజులు తియ్యలేదు. రెండో ఊళ్ళో ఒక ఆవు పాలివ్వడం మానేసింది. ట్రెవర్ అద్దంలో చూసి 'వెనక మంచు ఇంకా చిక్కగా ఉందే' అనుకున్నాడు.

నాలుగు మైళ్ళు అయ్యాక గురక ఆగింది. ట్రెవర్ గొంతు సవరించుకున్నాడు. ఇదే అదను.

"గ్లెన్," అన్నాడు, కళ్ళు రోడ్డు మీదే పెట్టి. "లేచావా? లేస్తే లే. కానీ మాట్లాడకు. నువ్వు ఒక్క మాట అన్నా నేను టీ పెడతాను అంటాను, మళ్ళీ చెప్పలేను."

కర్టెను వెనక ఒదెట్ లేచి కూర్చుంది. ముందు సీట్లో కూర్చున్నది తన మొగుడు కాదు. గొంతు కాదు, భాష కాదు. ఆమె ముప్పై నాలుగేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, కాబట్టి ప్రతి మాటా అర్థమవుతోంది. బండి పోతోంది. దూకలేదు, అరవలేదు. మెల్లిగా చెయ్యి చాచి పొయ్యి మీది ఇనప పెనం అందుకుంది. కర్టెను అంచున ఆ పెనం పైకెత్తి పట్టుకుని నిలబడింది. ఇంకొక్క అరక్షణం అయితే ట్రెవర్ కథ అక్కడితో సరి.

"నా కళ్ళు పోతున్నాయి గ్లెన్," అన్నాడు ట్రెవర్.

పెనం గాల్లోనే ఆగింది.

"డాక్టరు అప్పుడే చెప్పాడు. నీకు చెప్పలేదు. ఆ కాగితం మీద టిక్కు పెట్టలేకపోయానే. పెడితే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ గుద్దుతానో అని. బండి హ్యూకి ఇచ్చేస్తానని మాటిచ్చేశాను. ఆదివారం వస్తాడు. రోజుకి ముప్పై మైళ్ళు ఎందుకు నడిపానని అడిగావు కదా? అయిపోకూడదని. ఎంత మెల్లగా నడిపితే అన్ని రోజులు నువ్వు నా పక్కన మ్యాపు పట్టుకుని తిడుతూ ఉంటావని."

పెనం ఒక జానెడు దిగింది.

"స్పెయిన్లో నువ్వు పాడుతూ గిన్నెలు తోముతుంటే నేను కళ్ళు మూసుకుని విన్నా. ఇక ముందు అలాగే కదా, అలవాటు చేసుకుందామని."

పెనం పూర్తిగా దిగిపోయింది. వెనక నుంచి ఒక ఏడుపు వినబడింది, ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ట్రెవర్ గుండెల మీంచి బరువు దిగిపోయింది. తిట్టలేదు! ఏడుస్తోంది! రోడ్డు పక్కన చేపల చెరువు, చెక్కబల్లలు ఉన్న చోటు కనబడితే, అంటే బల్లల్లాంటి మబ్బులు కనబడితే, బండి ఆపాడు.

"రా తల్లీ," అన్నాడు. "ఇప్పుడు టీ పెడతాను."

కర్టెను జరిగింది. జుట్టుకి చుట్టలు చుట్టుకుని, రాత్రిగౌనులో, చేతిలో పెనంతో, కళ్ళనిండా నీళ్ళతో, ఆయన జన్మలో చూడని ఒక ఆడమనిషి.

ట్రెవర్ అరిచాడు. ఆ అరుపుకి చెరువులో చేపలు రెండు గట్టు మీదికి గెంతి, విషయమేంటో కనుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళాయి. ఆయన అరుపు విని ఒదెట్ అరిచింది. ఆమె అరుపు విని ఆయన మళ్ళీ అరిచాడు. అలా కాసేపు వంతులేసుకున్నారు.

"నా పెళ్ళాం ఏది? నా గ్లెన్‌ని ఏం చేశారు?" అన్నాడు ట్రెవర్.

"నేను చెయ్యడమేంటయ్యా పెద్దమనిషీ! నన్ను ఎత్తుకొచ్చింది నువ్వు! ఇది నా బండి. అది నా వెల్లుల్లి. ఇది నా పెనం, ఇందాక నీ నెత్తిన పడాల్సింది."

ట్రెవర్ చుట్టూ తడుముకున్నాడు. సీటు, అద్దం, దండ. మెట్టు మీద కూలబడ్డాడు. "ఇదంతా మీకు చెప్పానా?"

"ఆసాంతం చెప్పావు. మధ్యలో ఆపబుద్ధి కాలేదు. ముక్కు కూడా చీదుకున్నాను."

"మరి గ్లెనిస్?"

"ఆమెకి చెప్పనే లేదు నువ్వు."

అప్పుడు తగిలింది ట్రెవర్‌కి అసలు దెబ్బ. ముప్పై ఒక్క రోజులు కూడబెట్టుకున్న ధైర్యమంతా ఎవరో బడి టీచరు మీద ఖర్చయిపోయింది. గ్లెనిస్ అక్కడ ఒంటరిగా ఉంది. ఫోను చేద్దామంటే తన ఫోను గ్లెనిస్ దిండు కిందే, ఒదెట్‌ది ఫెర్నాన్ జేబులో. వెనక్కి వెళదామంటే ఎన్ని మలుపులు తిరిగొచ్చాడో గుర్తులేదు, రోడ్డు ఎటు ఉందో కనబడదు. ఒదెట్‌కి సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు.

"నా బండి నేను తప్ప ఎవరూ కదిలించలేరు," అన్నాడు ట్రెవర్. "దాని రెండో గేరు…"

ఆ మాట పూర్తవలేదు. మంచులోంచి హారన్ మోగింది. ఒకసారి కాదు, ఆపకుండా.

ఇప్పుడు అక్కడ క్యాంపింగులో ఏం జరిగిందో చెప్పాలి. ఫెర్నాన్ క్యాంపింగు ఆఫీసు దగ్గర ముందురోజు చెప్పి ఉంచిన రెండు పొడుగు రొట్టెలు తీసుకుని తిరిగొచ్చేసరికి ఆయన చోట్లో గడ్డి తప్ప ఏం లేదు. "నా పెళ్ళాం! నా బండి! నా డ్రాయర్లు!" అని ఫ్రెంచిలో ఆయన పెట్టిన గోలకి గ్లెనిస్ లేచింది. మొగుడు లేడు, తువ్వాలు లేదు. ఎదురు చోట చక్రాల గుర్తులు. ఆమెకి క్షణంలో బోధపడింది. ఫెర్నాన్ చెయ్యి పట్టుకుని పక్కసీట్లోకి తోసింది. తాను ఇరవై ఏళ్ళలో కూర్చోని సీట్లో కూర్చుంది. ఎటు వెళ్ళాలో వెతుక్కోనక్కర్లేదు. మొదటి మలుపు దగ్గర దిండుగలీబు. వంతెన దగ్గర డ్రాయరు. చర్చి దగ్గర రెండో డ్రాయరు. ప్రతిచోటా బండి ఆపకుండానే కిటికీలోంచి చెయ్యి చాచి ఏరుకుంటూ వచ్చింది. నమ్మరా? ఆ బల్లగుడ్డని పళ్ళతో అందుకుంది.

బండి చెరువు దగ్గరికి వచ్చి, ట్రెవర్ కాలి బొటనవేలికి బెత్తెడు దూరంలో ఆగింది. పక్కసీట్లో ఫెర్నాన్ రెండు కళ్ళూ మూసుకుని, రొట్టెలు రెండూ గుండెలకి హత్తుకుని కూర్చున్నాడు. రొట్టెలు రెండూ పిండి అయిపోయాయి. ఒదెట్‌ని చూసి కిందకి దూకి ఆమెని వాటేసుకున్నాడు. పెనం ఇంకా ఆమె చేతిలోనే ఉంది, అది ఆయన వీపుకి తగిలి టంగుమంది.

గ్లెనిస్ దిగింది. ట్రెవర్ నోరు తెరుచుకునే ఉంది. ఆయన్ని ఎవరో చెరువులో ముంచి తీసినా అంత నివ్వెరపోయేవాడు కాదు.

"ట్రెవర్ ప్రైస్," అంది. మొత్తం పేరుతో పిలిచిందంటే ముప్పులో ఉన్నట్టే. "ఇంకోడి పెళ్ళాన్ని ఎత్తుకుపోయే వయసా ఇది?"

"రెండో గేరు…" అన్నాడు ట్రెవర్. "రెండో గేరు ఎలా వేశావు?"

"ఎలా వేస్తారు? రెండు వేళ్ళతో లేపి, ఎడమకి తట్టి లాగాను. ఇరవై ఏళ్ళు చూడలేదా ఏంటి నీ చెయ్యి? నీ పక్కన కూర్చుని లేని బ్రేకు ఎన్నిసార్లు తొక్కానో తెలుసా? అక్కడ కింద రేకు సొట్టపోయింది, వెళ్ళి చూడు."

ఒదెట్ మొగుణ్ణి పక్కకి నెట్టి ముందుకొచ్చింది. బడిలో మొండి పిల్లాడి ముందు నిలబడ్డట్టు ట్రెవర్ ముందు నిలబడింది. "నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"ఏంటి?" అంది గ్లెనిస్.

ట్రెవర్ నోట్లో 'టీ' అనే మాట పెదాల దాకా వచ్చింది. ఒదెట్ పెనం కాస్త పైకి లేపింది. ట్రెవర్ ఆ మాట మింగేశాడు.

"నా కళ్ళు కనబడటం లేదు గ్లెన్. బండి హ్యూకి ఇచ్చేశాను."

ఇంత పొడుగు కథ ఈ రెండు ముక్కలే. ముప్పై ఒక్క రోజులు పట్టింది.

గ్లెనిస్ ముందుకొచ్చి, ట్రెవర్ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఒక కంట్లోకి, ఇంకో కంట్లోకి చూసింది.

"నేను కనబడుతున్నానా?"

"నీ ముక్కు కనబడుతోంది. మిగతాది నాకు గుర్తుంది."

ఆమె పెదవి వణికింది. ఒక్కసారే. వెంటనే గొంతు లేచింది.

"హ్యూకా? బండి వెనక్కి తీస్తూ సొంత గేటునే గుద్దిన ఆ హ్యూకా నా బండి ఇచ్చావు? నా దుప్పటి మీద వాడు బూట్లేసుకుని పడుకోవాలా? నీకు కళ్ళు పోతే పోయాయి, పక్కసీట్లో ఉన్న నాతో ఒక మాట చెప్పాలని నోటికి కూడా తెలీదా?"

"నువ్వు నడపగలవని…"

"అడిగావా? ఇరవై ఏళ్ళలో ఒక్కసారి 'గ్లెన్, నువ్వు నడుపు' అన్నావా? గేరు నీ మాట తప్ప వినదని ఊరంతా చెప్పుకుని తిరిగావు. నేనూ నమ్మాను, అది నా తప్పు. హ్యూతో నేను మాట్లాడతాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నావని నిన్ను ఒక వారం తిడతాడు. పడు, నీకు తగిన శిక్షే."

ట్రెవర్ ఏడ్చాడో నవ్వాడో ఆయనకే తెలీదు. "మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు.

"నేనిన్నాళ్ళూ ఏం చేశానో అది. వెళ్ళి వెనక నిలబడి చేతులూపు. మెల్లగా పోదాం. రోజుకి పాతిక మైళ్ళు."

బండి మళ్ళీ రోడ్డెక్కాలంటే ముందు వెనక్కి తియ్యాలి, వెనకేమో చెరువు గట్టు, ఒక చెక్కబల్ల. గ్లెనిస్ స్టీరింగు ముందు కూర్చుంది. రెండు వేళ్ళూ అవసరం లేదు, వెనక గేరు ఎప్పుడూ మంచిదే. ఊదా గౌనులో ట్రెవర్ గట్టు మీద నిలబడి, జన్మలో మొదటిసారి చేతులూపాడు. రా, రా, ఇంకొంచెం రా. మబ్బులాంటి బండి మెల్లిగా పెద్దదవుతూ వచ్చింది. రా, రా. ఆయన "ఆగు" అనేలోపే చెక్కబల్ల ఫెళఫెళమని విరిగి, దాని మీద పెట్టి ఉన్న ఎవరిదో పురుగుల డబ్బా ఎగిరి చెరువులో పడింది.

"ఆగమన్నానా!" అన్నాడు ట్రెవర్.

"ఇప్పుడన్నావు!" అని గ్లెనిస్ కిటికీలోంచి అరిచింది. నవ్వుతోంది. ఆ నవ్వు ఆయనకి బాగా వినబడింది.

ఆ గట్టు మీదే కాస్త అవతల, పొద్దుటి నుంచి గాలం పట్టుకుని ఒక పొట్టాయన కూర్చుని ఉన్నాడు. ఆ పురుగుల డబ్బా ఆయనదే. మొదట ఒక బండిలో ఒకాయన ఒకావిడతో రావడం, అరుచుకోవడం, ఇంకో బండిలో ఇంకో ఆవిడ ఇంకో ఆయనతో రావడం, ఏడుపులు, కౌగిలింతలు, ఒకరు వచ్చిన బండి దగ్గరికి ఇంకొకరు చేరడం, అన్నీ కళ్ళప్పగించి చూశాడు. గాలం కింద పెట్టి, లేచి, తిన్నగా వాళ్ళ దగ్గరికి వచ్చాడు. డబ్బా పోయిందని తిడతాడేమోనని నలుగురూ బిక్కచచ్చిపోయి చూశారు.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, చెట్ల కింద నిలిపిన తన పాత బండి వైపు చూపించి, చాలా మర్యాదగా అడిగాడు:

"బళ్ళు మార్చుకునే చోటు ఇదేనాండీ? మా దాంట్లో ఫ్రిజ్ చల్లబడటం లేదు. మా అత్తగారు కూడా లోపలే నిద్రపోతున్నారు. రెండూ కలిపి తీసుకుంటారా?"